పాత విండోస్‌ను ఉన్నదున్నట్టు కొత్త మెషీన్‌లోకి: ఏ దారి ఎవరికి నప్పుతుంది

తెనాలిలో మా బామ్మర్దికి డీటీపీ షాపు ఉంది. పెళ్ళి కార్డులు, కరపత్రాలు, బిల్లు పుస్తకాలు, స్కూళ్ళ ప్రశ్నపత్రాలు చేస్తాడు. కౌంటర్ వెనకున్న సిస్టమ్‌కి పదేళ్ళు దాటాయి. నాలుగో తరం ఐ5, 8 జీబీ ర్యామ్, మధ్యలో నేను వేసిన 240 జీబీ సాటా ఎస్‌ఎస్‌డీ, పక్కన డేటాకి 1 టీబీ హార్డ్‌డిస్క్. ఈమధ్య ఐ7 వర్క్‌స్టేషన్ ఒకటి కొన్నాడు. ఇంకా పెట్టె విప్పకుండానే షరతు పెట్టాడు: “బావా, ఫార్మాట్ మాట మాత్రం ఎత్తొద్దు. పాతది ఎట్టా ఉందో అట్టాగే ఇందులోకి రావాలి.”

వాడి భయంలో అర్థం ఉంది. ఆ ఎస్‌ఎస్‌డీలో పేజ్‌మేకర్ 7.0 ఉంది. 2001లో వచ్చిన పేజీ డిజైన్ సాఫ్ట్‌వేర్ అది, ఆ తర్వాత అడోబీ దానికి కొత్త వెర్షన్ తేలేదు. దాని మీద తెలుగు టైపు చేసే అను స్క్రిప్ట్, వందల కొద్దీ ఫాంట్లు, అందులో వేళ్ళకి అలవాటైపోయిన ‘ఆపిల్’ అనే తెలుగు కీబోర్డు లేఅవుట్, స్టిక్కర్లు కోసే కటింగ్ ప్లాటర్ సాఫ్ట్‌వేర్. సెటప్ సీడీలు షాపు మారినప్పుడు పోయాయి. సీరియల్ నంబర్లు రాసుకున్న డైరీకి చెదలు పట్టింది. ఇవన్నీ మళ్ళీ మొదటి నుంచి ఎక్కించాలంటే ముహూర్తాల సీజన్ అయిపోతుంది.

ఇలాంటి పని నా దగ్గరికి ఏడాదికి నాలుగైదుసార్లు వస్తుంది. దారులు చాలా ఉన్నాయి, ప్రతిదానికీ ఓ సాఫ్ట్‌వేర్ ఉంది, ప్రతి సాఫ్ట్‌వేరూ “ఒక్క క్లిక్కే” అంటుంది. నేను మాత్రం ముందు ఒకటే చూస్తాను. రాత్రి పదకొండింటికి వ్యవహారం చెడితే, పొద్దున షాపు తీసే వేళకి పాత మెషీన్ మీద యథాప్రకారం కూర్చోగలమా, లేదా? స్పీడ్, ఖర్చు లెక్కలు ఆ తర్వాతే.

అసలు మార్చాల్సిన అవసరం ఉందా

ఓ కాగితం తీసుకుని పాత మెషీన్‌లోని సాఫ్ట్‌వేర్లన్నీ రాయండి. వాటిలో మళ్ళీ ఎక్కించలేనివి ఎన్ని? సెటప్ పోయినవి, తయారుచేసిన కంపెనీ మూతపడినవి, ఎవరో వచ్చి అరపూట కూర్చుని సెట్ చేసి వెళ్ళినవి. ఆ జాబితా ఖాళీ అయితే ఈ వ్యాసం మీకు అక్కర్లేదు. బ్రౌజర్, ఆఫీస్, నెలవారీ చందాతో నడిచే డిజైన్ సాఫ్ట్‌వేర్లు మాత్రమే వాడేవాళ్ళు కొత్త మెషీన్‌తో వచ్చిన విండోస్‌నే ఉంచుకుని ఫైళ్ళు కాపీ చేసుకోవడం మేలు. ఒక సాయంత్రం పని. పదేళ్ళ చెత్త కూడా వెంట రాదు.

ఫైళ్ళు కాపీ చేస్తే క్రోమ్‌లో సేవ్ చేసిన పాస్‌వర్డులు కూడా వచ్చేస్తాయని చాలామంది అనుకుంటారు. రావు. అవి ఆ విండోస్ యూజర్ తాళంతో బిగించి ఉంటాయి. ముందే గూగుల్ అకౌంట్‌తో సింక్ చేయండి, లేదా ఎక్స్‌పోర్ట్ చేసి పెట్టుకోండి. మొత్తం డిస్క్‌ను క్లోన్ చేస్తే, అంటే ఉన్నదున్నట్టు ఇంకో డిస్క్ మీదకి దింపితే, ఈ గొడవ లేదు, ఎందుకంటే ఆ యూజర్ కూడా యథాతథంగా వస్తాడు.

ఎక్కించలేనివి ఒకటో రెండో ఉన్నా సరే, అప్పుడు ముందుకెళ్దాం.

డిస్క్ ఊడదీసి కొత్తదానికి బిగించడం

అన్నిటికంటే సులువైన దారి ఇది. పాత ఎస్‌ఎస్‌డీని తీసి కొత్త క్యాబినెట్‌లో సాటా కేబుల్‌కి తగిలించడమే. ఎక్స్‌పీ రోజుల్లో ఇలా చేస్తే నీలం తెర తప్పేది కాదు. విండోస్ 10 నుంచి పరిస్థితి బాగా మెరుగైంది. మొదటిసారి బూట్ అయ్యేటప్పుడు “గెటింగ్ డివైసెస్ రెడీ” అంటూ కాసేపు తిరిగి, కొత్త హార్డ్‌వేర్‌కి తనే సర్దుకుంటుంది. ఇంటెల్ నుంచి ఏఎండీకి మారినా చాలాసార్లు లేచి కూర్చుంటుంది.

అయినా నేను ఇది సలహా ఇవ్వను. మొదటి బూట్‌లోనే ఆ విండోస్ కొత్త మెషీన్‌కి తగ్గట్టు రిజిస్ట్రీ, డ్రైవర్లు మార్చేసుకుంటుంది. అది మధ్యలో చెడితే మీ దగ్గర ఉన్న ఒక్కగానొక్క కాపీ చెడినట్టే. వెనక్కి రావడానికి దారి లేదు. పైగా వేల రూపాయలు పోసి కొన్న కొత్త మెషీన్‌లో ఎన్‌వీఎంఈ (బోర్డుకే నేరుగా బిగించే, సాటా కంటే వేగమైన ఎస్‌ఎస్‌డీ) స్లాట్‌ని ఖాళీగా పెట్టి పాత సాటా డిస్క్ మీద నడపడం ఏం తెలివి? పాత మదర్‌బోర్డు కాలిపోయి, డిస్క్ ఒక్కటే మిగిలినప్పుడు మాత్రం దీనికి విలువ. అప్పుడు కూడా ముందు దాని ఇమేజ్, అంటే డిస్క్ మొత్తాన్ని ఒకే ఫైలుగా, ఇంకో డిస్క్‌లో దాచుకున్నాకే బిగిస్తాను.

డేటా డిస్క్ సంగతి వేరు. బామ్మర్ది 1 టీబీ హార్డ్‌డిస్క్‌ను చివర్లో ఊడదీసి కొత్తదానికి బిగించాం. అందులోది అప్పటికే బయటి డిస్క్‌కి కాపీ అయింది, కాబట్టి భయం లేదు. డీ డ్రైవ్ డీ డ్రైవ్‌గానే రావాలి, ఇది మాత్రం ముఖ్యం. పేజ్‌మేకర్ ఫైళ్ళలో పెట్టిన బొమ్మలకి దారి “డీ డ్రైవ్, ఫలానా ఫోల్డర్” అని రాసి ఉంటుంది. అక్షరం ఈ అనో ఎఫ్ అనో మారితే పాత కార్డు తెరిచినప్పుడల్లా వినాయకుడి బొమ్మ ఎక్కడుందని అడుగుతుంది. మారినా డిస్క్ మేనేజ్‌మెంట్‌లో అక్షరం తిరిగి పెట్టుకోవచ్చు.

క్లోన్: నా ఓటు దీనికే

పాత డిస్క్‌లో ఉన్నది పార్టిషన్లతో సహా కొత్త డిస్క్ మీదకి దింపడం. పాత డిస్క్ నుంచి చదవడమే తప్ప దాని మీద ఏమీ రాయం. పని అయ్యాక దాన్ని పాత మెషీన్‌లో పెట్టి ఆన్ చేస్తే నిన్న ఎలా ఉందో అలాగే లేస్తుంది. నా లెక్కలో దీనికి ఎక్కువ మార్కులు పడేది ఇందుకే.

సాధనాల్లో క్లోన్‌జిల్లా ఉచితం, నమ్మకం, చూడ్డానికి మాత్రం డాస్ కాలం తెర. అదే పనిని మౌస్‌తో చేసుకోవాలంటే రెస్క్యూజిల్లా. రెండిటినీ పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేస్తాం కాబట్టి క్లోన్ జరిగేటప్పుడు విండోస్ నిద్రలో ఉంటుంది. కదలని బొమ్మని ఫొటో తీయడం తేలిక కదా. శాంసంగ్ ఎస్‌ఎస్‌డీ కొంటే వాళ్ళ డేటా మైగ్రేషన్ సాఫ్ట్‌వేర్ ఉచితం. డబ్ల్యూడీ, క్రూషియల్ డిస్క్‌లకి ఆక్రోనిస్ ప్రత్యేక ఎడిషన్ ఇస్తారు. ఇవి విండోస్ లోపలి నుంచే నడుస్తాయి, పార్టిషన్ సైజులు వాటంతటవే సర్దుతాయి, కొత్తవాళ్ళకి సుఖం. ఆ బ్రాండు డిస్క్ తగిలించకపోతే మాత్రం పలకవు. ఒకప్పుడు అందరం వాడిన మాక్రియం రిఫ్లెక్ట్ ఉచిత ఎడిషన్‌కి 2024 జనవరి 1తో సపోర్ట్ ఆగిపోయింది. పాత సెటప్ ఎక్కడో దొరికినా ఇప్పుడు దాని మీద ఆధారపడొద్దు.

క్లోన్‌జిల్లాలో ఓ ఇబ్బంది ఉంది. మామూలుగా అయితే కొత్త డిస్క్ పాతదానికి సమానంగానో పెద్దగానో ఉండాలి. 1 టీబీ హార్డ్‌డిస్క్‌లో విండోస్ ఉండి, 500 జీబీ ఎస్‌ఎస్‌డీకి పోవాలనుకుంటే ముందు పార్టిషన్ కుదించాలి. దానికంటే బ్రాండెడ్ సాఫ్ట్‌వేరో, డబ్బులిచ్చి కొన్నదో తేలిక.

సమయం మాటకొస్తే, అంతా కేబుల్ మీద ఉంది. యూఎస్‌బీ 2.0 పోర్టులో సెకనుకి 35 ఎంబీ వస్తే గొప్ప. 400 జీబీకి మూడు గంటలు దాటుతుంది. అదే నీలం యూఎస్‌బీ 3 పోర్టులో, ఎస్‌ఎస్‌డీ నుంచి ఎస్‌ఎస్‌డీకి అయితే పావుగంట, అరగంట. సాటా నుంచి యూఎస్‌బీకి మార్చే కేబుల్ కొన్ని వందల్లోనే వస్తుంది. బామ్మర్ది డిస్క్‌లో వాడింది 160 జీబీ. టీ తాగి వచ్చేసరికి అయిపోయింది.

ఇక నా సొంత నిర్వాకం ఒకటి. కొన్నేళ్ళ క్రితం మా ఇంట్లో సిస్టమ్‌కే 500 జీబీ డిస్క్ నుంచి ఇంకో 500 జీబీ డిస్క్‌కి క్లోన్ పెట్టాను. రెండూ ఒకే కంపెనీ, ఒకే మోడల్. తెర మీద రెండు వరుసలూ కవల పిల్లల్లా ఉన్నాయి. ఖాళీ డిస్క్‌ను తీసుకెళ్ళి నిండు డిస్క్ మీద రాసేశాను. క్లోన్ విజయవంతం అని కూడా వచ్చింది. మా అమ్మాయి టెన్త్ ప్రాజెక్టు అందులోనే ఉంది. ఆ వారం మా ఇంట్లో నాకు దక్కిన మర్యాద గురించి చెప్పను. అప్పటినుంచి మొదలుపెట్టే ముందు పాత డిస్క్ సీరియల్ నంబర్లో చివరి నాలుగు అక్షరాలు అరచేతి మీద రాసుకుంటాను. క్లోన్‌జిల్లా మోడల్, సీరియల్ రెండూ చూపిస్తుంది. ఎంటర్ కొట్టే ముందు చేయి చూసుకుంటాను.

క్లోన్ అయ్యాక రెండు డిస్క్‌లూ ఒకే మెషీన్‌కి తగిలించి బూట్ చేయకండి. రెండిటికీ ఒకే గుర్తింపు సంఖ్య ఉంటుంది. విండోస్ ఒకదాన్ని ఆఫ్‌లైన్ చేస్తుంది, లేదా మీరు కొత్తదనుకుంటూ పాతదాని మీదే పనిచేస్తుంటారు. ఈ రెండో రకం పొరపాటు తెలిసేసరికి వారం గడుస్తుంది.

బూట్ కాకపోతే

క్లోన్ దారిలో టెన్షన్ అంతా ఇక్కడే. మూడు రకాలుగా మొండికేస్తుంది.

మొదటిది, అసలు డిస్క్‌నే గుర్తించకపోవడం. పాత మెషీన్లలో విండోస్ లెగసీ అనే పాత బూట్ పద్ధతిలో, ఎంబీఆర్ అనే పాత పార్టిషన్ పట్టిక ఉన్న డిస్క్ మీద ఎక్కి ఉంటుంది. కొత్త బోర్డులు చాలావాటిలో ఇప్పుడు యూఈఎఫ్ఐ అనే కొత్త బూట్ పద్ధతి తప్ప వేరే దారి లేదు. దీనికి మైక్రోసాఫ్ట్ 2017 నుంచి విండోస్ 10లోనే ఒక సాధనం ఇస్తోంది: ఎంబీఆర్‌టూజీపీటీ. డేటా పోకుండా డిస్క్‌ను యూఈఎఫ్ఐకి కావలసిన జీపీటీ పట్టికలోకి మార్చి, బూట్ పార్టిషన్ తనే తయారుచేస్తుంది. డిస్క్‌లో మూడు కంటే ఎక్కువ ప్రైమరీ పార్టిషన్లు ఉన్నా, ఎక్స్‌టెండెడ్ పార్టిషన్ ఉన్నా ఒప్పుకోదు. దీన్ని ముందే పాత మెషీన్‌లో నడిపి ఆ తర్వాత క్లోన్ చేసే పద్ధతి కూడా ఉంది. నేనైతే చేయను. అలా చేస్తే పాత డిస్క్ పాత మెషీన్‌లో లేవకుండా పోవచ్చు. ముందు క్లోన్ చేసి, విండోస్ సెటప్ పెన్‌డ్రైవ్‌తో కొత్త మెషీన్‌ను బూట్ చేసి, రిపేర్ మెనూలోని కమాండ్ ప్రాంప్ట్ నుంచి క్లోన్ మీద నడుపుతాను. పాడైతే ఇంకోసారి క్లోన్ చేసుకుంటాం, అంతే.

రెండోది నీలం తెర, దాని మీద “ఇనాక్సెసిబుల్ బూట్ డివైస్”. బామ్మర్ది మెషీన్‌లో వచ్చింది ఇదే. రాత్రి పదిన్నర. వాడు నా మొహం చూస్తున్నాడు, నేను తెర చూస్తున్నాను. పొద్దున్నే ఇవ్వాల్సిన కార్డులు మూడున్నాయట. “పాతది ఆన్ చేసి చూసుకో, అది ఎక్కడికీ పోలేదు” అన్నాను. పాత ఎస్‌ఎస్‌డీ దాని స్థానంలో పెట్టి ఆన్ చేశాం. పేజ్‌మేకర్ తెరుచుకుంది. వాడు కార్డులు మొదలుపెట్టాడు, నేను స్థిమితంగా కొత్తదాని మీద పడ్డాను.

ఈ నీలం తెరకి కారణాలు సాధారణంగా రెండు. కొత్త ఇంటెల్ మెషీన్లు కొన్ని షాపు నుంచే వీఎండీ ఆన్ చేసి వస్తాయి, అంటే డిస్క్‌ను ఇంటెల్ కంట్రోలర్ తన చాటున పెట్టుకుంటుంది. పాత విండోస్‌లో దానికి డ్రైవర్ ఉండదు. బయాస్‌లోకి, అంటే విండోస్ లేవకముందే తెరుచుకునే బోర్డు సెట్టింగుల్లోకి, వెళ్ళి స్టోరేజ్ సెట్టింగుల్లో వీఎండీ ఆఫ్ చేస్తే సరిపోతుంది. ఆ మెషీన్‌తో వచ్చిన విండోస్ తర్వాత కావాలంటే మళ్ళీ ఆన్ చేయాలి, ఇది గుర్తుంచుకోండి. రెండో కారణం, ఎన్‌వీఎంఈ డ్రైవర్ విండోస్‌లో ఉన్నా, పాత మెషీన్‌లో అలాంటి డిస్క్ ఎప్పుడూ లేదు కాబట్టి బూట్‌లో దాన్ని పిలవదు. సేఫ్ మోడ్‌లో ఒక్కసారి లేపితే పిలుస్తుంది, ఆ తర్వాత మామూలుగానే లేస్తుంది. రెండు మూడుసార్లు బూట్ చెడితే వచ్చే రిపేర్ తెరలో స్టార్టప్ సెట్టింగ్స్ నుంచి సేఫ్ మోడ్‌కి పోవచ్చు. ఆ తెర రాకపోతే పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, కమాండ్ ప్రాంప్ట్‌లో బీసీడీఎడిట్‌తో సేఫ్ బూట్ పెట్టాలి. లేచాక ఎంఎస్‌కాన్ఫిగ్‌లో బూట్ ట్యాబ్‌లోకి పోయి ఆ టిక్ తీసేయడం మరిచిపోకండి, లేకపోతే ఎప్పుడూ సేఫ్ మోడ్‌లోనే ఉంటుంది. మా విషయంలో వీఎండీ ఆఫ్ చేశాక కూడా నీలం తెర పోలేదు. సేఫ్ మోడ్ దెబ్బకి లేచింది. పదకొండు ముప్పావు.

మూడోది బిట్‌లాకర్, అంటే డిస్క్‌కి విండోస్ వేసే తాళం. ల్యాప్‌టాప్ నుంచి మారేవాళ్ళకి ఇది ఎక్కువ తగులుతుంది. తాము ఎప్పుడూ ఆన్ చేయలేదంటారు, కానీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో సెటప్ చేసిన చాలా మెషీన్లలో డిస్క్ తనంతట తానే ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది. తాళం చెవి పాత బోర్డులోని టీపీఎం చిప్‌లో ఉంటుంది. డిస్క్ ఇంకో బోర్డు మీదకి వచ్చిందంటే 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. క్లోన్‌కి ముందే సెట్టింగ్స్‌లో చూసి పూర్తిగా డీక్రిప్ట్ చేయడం అన్నిటికంటే శుభ్రం. కీ కూడా మైక్రోసాఫ్ట్ అకౌంట్ నుంచి కాగితం మీదకి దించి పెట్టుకోండి. అలాగే నాలుగంకెల పిన్‌తో లాగిన్ అయ్యేవాళ్ళు అసలు పాస్‌వర్డ్ మరిచిపోయి ఉంటారు. పిన్ కూడా ఆ టీపీఎంకే కట్టి ఉంటుంది, కొత్త మెషీన్‌లో పనిచేయదు. క్లోన్‌కి ముందు ఒకసారి పాస్‌వర్డ్‌తో లాగిన్ అయి చూడండి.

ఇమేజ్ తీసి దింపడం

ఇది క్లోన్‌కి తమ్ముడు. డిస్క్‌ను నేరుగా ఇంకో డిస్క్ మీదకి కాకుండా, బయటి హార్డ్‌డిస్క్‌లో ఒక పెద్ద ఫైలుగా దాచి, కొత్త మెషీన్‌లో దాన్ని దింపుతాం. రెట్టింపు సమయం పడుతుంది, దానికి తగ్గ లాభమూ ఉంది: మొదటిసారి చెడితే పాత మెషీన్ ముట్టుకోకుండానే రెండోసారి, మూడోసారి దింపుకోవచ్చు. పాత మెషీన్ హైదరాబాద్‌లో, కొత్తది విశాఖలో ఉంటే ఇది తప్ప దారి లేదు.

డబ్బులిచ్చి కొనే సాఫ్ట్‌వేర్లకి ఇక్కడ నిజంగా పని ఉంది. మాక్రియంలో రీడిప్లాయ్ అని, ఆక్రోనిస్‌లో యూనివర్సల్ రీస్టోర్ అని ఉంటాయి. దింపిన విండోస్‌లోకి కొత్త స్టోరేజ్ డ్రైవర్ ముందే చొప్పించి, పైన చెప్పిన నీలం తెర రాకుండా చూస్తాయి. ఉచితంగా కావాలంటే వీమ్ ఏజెంట్ ఉచిత ఎడిషన్ కూడా ఈ పని చేస్తుంది. విండోస్ కంట్రోల్ ప్యానెల్‌లో “బ్యాకప్ అండ్ రీస్టోర్, విండోస్ 7” అని ఉండే సిస్టమ్ ఇమేజ్ జోలికి మాత్రం పోవద్దు. 2017లోనే మైక్రోసాఫ్ట్ దాన్ని పక్కన పెట్టింది. లెగసీ మెషీన్‌లో తీసిన ఇమేజ్‌ను యూఈఎఫ్ఐ మెషీన్‌లో దింపనివ్వదు.

అకౌంట్స్ ఆఫీసులాంటి చోట, ఒక రోజు పని ఆగితే నష్టమనుకునే చోట నేను క్లోన్ కంటే ఇమేజే ఎంచుకుంటాను. డీటీపీ షాపుకి క్లోన్ చాలు.

పాత మెషీన్‌ను కొత్తదానిలో ఒక కిటికీగా పెట్టడం

పాతది విండోస్ 7 గానీ ఎక్స్‌పీ గానీ అయితే పై కథలన్నీ మరిచిపోండి. విండోస్ 7కి పుట్టుకతో ఎన్‌వీఎంఈ డ్రైవర్ లేదు, యూఎస్‌బీ 3 డ్రైవర్ లేదు. కొత్త మెషీన్‌లో అది లేచినా మౌస్ కదలదు. దానికి వర్చువల్ మెషీన్, అంటే కొత్త మెషీన్ లోపల సాఫ్ట్‌వేర్‌తో నడిచే ఇంకో మెషీన్, ఒక్కటే గౌరవమైన దారి.

మైక్రోసాఫ్ట్ సిస్‌ఇంటర్నల్స్ సాధనాల్లో డిస్క్‌టూవీహెచ్‌డీ అని చిన్న ప్రోగ్రాం ఉంది. పాత విండోస్ నడుస్తుండగానే మొత్తం డిస్క్‌ను ఒక వీహెచ్‌డీ ఫైలుగా మారుస్తుంది. ఆ ఫైలుని కొత్త మెషీన్‌లో హైపర్-వీలోనో వర్చువల్‌బాక్స్‌లోనో తెరిస్తే పాత డెస్క్‌టాప్ ఒక కిటికీలో ప్రత్యక్షమవుతుంది. వీఎంవేర్ వర్క్‌స్టేషన్ ప్రో కూడా 2024 నవంబర్ నుంచి వ్యాపారానికి సైతం ఉచితం, కాకపోతే ఆ ఫైలుని దాని ఫార్మాట్‌లోకి మార్చుకోవాలి.

ఏది ఎంచుకోవాలో చెప్పేది యూఎస్‌బీ లాక్, అంటే తగిలిస్తేనే సాఫ్ట్‌వేర్ తెరుచుకునే డాంగిల్. మీ సాఫ్ట్‌వేర్ డాంగిల్‌తో నడిచేదైతే హైపర్-వీ పనికిరాదు, యూఎస్‌బీని లోపలికి పంపే సదుపాయం దానిలో లేదు. వర్చువల్‌బాక్స్, వీఎంవేర్ పంపుతాయి. పాత విండోస్‌కి సెక్యూరిటీ అప్‌డేట్లు రావు కాబట్టి ఆ కిటికీకి ఇంటర్నెట్ ఇవ్వకండి, ఫైళ్ళు షేర్డ్ ఫోల్డర్ ద్వారా మార్చుకోండి. రోజంతా ఆ సాఫ్ట్‌వేర్ మీదే కూర్చునేవాడికి ఈ పద్ధతి చిరాకు తెప్పిస్తుంది, ప్రింటింగ్ కూడా ఒక మెట్టు ఎక్కువ. వారానికి ఒకసారి పాత ఫైలు తెరవాల్సినవాడికి ఇంతకంటే నిశ్చింత లేదు.

లైసెన్సుల మాట

చాలామంది చివర్లో ఆలోచిస్తారు, మొదట్లో ఆలోచించాల్సింది. మెషీన్‌తో పాటు వచ్చిన ఓఈఎం విండోస్ లైసెన్సు ఆ మదర్‌బోర్డుతోనే పోతుంది, కొత్తదానికి రాదు. విడిగా కొన్న రిటైల్ లైసెన్సు వస్తుంది, దాన్ని ముందే మైక్రోసాఫ్ట్ అకౌంట్‌కి కలిపి ఉంచితే ట్రబుల్‌షూటర్‌లో “హార్డ్‌వేర్ మార్చాను” అని చెప్పి యాక్టివేట్ చేసుకోవచ్చు. బ్రాండెడ్ వర్క్‌స్టేషన్ అయితే బయాస్‌లోనే ఒక కీ ఉంటుంది. పాత విండోస్ ప్రో, కొత్తదాని కీ కూడా ప్రో అయితే గొడవ ఉండదు. పాతది ప్రో, కొత్తది హోమ్ అయితే తెర మూల “యాక్టివేట్ విండోస్” నీటిగుర్తు తప్పదు. బామ్మర్దిది ప్రో, ప్రో. బతికిపోయాం.

ట్యాలీ వాడేవాళ్ళు పాత మెషీన్‌లోనే ముందు లైసెన్స్ సరెండర్ చేయాలి, ఆ తర్వాత కొత్తదానిలో యాక్టివేట్ చేయాలి. క్లోన్ చేసి నేరుగా తెరిస్తే ఎడ్యుకేషనల్ మోడ్‌లోకి పోతుంది, నెలాఖరున జీఎస్టీ రిటర్న్ వేసే పూట ఇది తెలిస్తే గుండె జారుతుంది. అయితే సరెండర్ చేసిన క్షణం నుంచి పాత మెషీన్‌లో ట్యాలీ పనిచేయదు, అంటే వెనక్కి వెళ్ళే దారిలో ఒక తలుపు మూసినట్టు. కాబట్టి క్లోన్ బాగా లేచి, మిగతావన్నీ చూసుకున్నాక, ఆఖరి పనిగా సరెండర్ చేయండి. డిజిటల్ సిగ్నేచర్ టోకెన్‌కి ఈ బాధ లేదు, సంతకం ఆ యూఎస్‌బీలోనే ఉంటుంది.

ఇంకో మాట. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. నాలుగో తరం ఐ5 మీద 11కి వెళ్ళడానికి మైక్రోసాఫ్ట్ ఒప్పుకోదు, కాబట్టి వరస ఇలా ఉండాలి: 10ని ఉన్నదున్నట్టు కొత్తదానికి మార్చి, రెండు రోజులు నడిపి, అప్పుడు అక్కడే 11కి అప్‌గ్రేడ్. రెండూ ఒకే రాత్రి పెట్టుకుంటే, ఏదైనా ఆగిపోయినప్పుడు తప్పు క్లోన్‌దా అప్‌గ్రేడ్‌దా తేల్చలేరు.

లినక్స్, మ్యాక్, ఆఫీసులో ఇరవై సిస్టములు

లినక్స్ వాడేవాళ్ళు ఈ వ్యాసం చదివి నవ్వుకుంటారు, నవ్వుకోనివ్వండి. డ్రైవర్లు కెర్నల్‌లోనే ఉంటాయి కాబట్టి ఉబుంటు, డెబియన్ డిస్క్‌ను ఏ మెషీన్‌కి తగిలించినా దాదాపు లేస్తుంది. నా ఉబుంటు మూడు మెషీన్లు మారింది. ఫెడోరా తన బూట్ ఇమేజ్‌ను ఉన్న హార్డ్‌వేర్‌కే కుదించుకుంటుంది, అందుకని మొదటిసారి మెనూలో రెస్క్యూ ఎంట్రీతో లేపి, ఇమేజ్ మళ్ళీ తయారుచేయాలి. చిక్కులు వేరే చోట వస్తాయి. డిస్క్‌ల జాబితా ఉండే ఎఫ్ఎస్‌ట్యాబ్ ఫైలులో డిస్క్ పేరు యూయూఐడీతో (మారని గుర్తింపు సంఖ్యతో) కాక పాత పద్ధతిలో రాసి ఉంటే ఎన్‌వీఎంఈకి మారగానే పేరు మారుతుంది. నెట్‌వర్క్ కార్డు పేరు కూడా మారుతుంది, స్టాటిక్ ఐపీ పెట్టినవాళ్ళు ఇది చూసుకోవాలి. యూఈఎఫ్ఐ బూట్ ఎంట్రీ డిస్క్‌లో కాక పాత బోర్డు మెమరీలో ఉంటుంది కాబట్టి లినక్స్‌ను బూట్ చేసే గ్రబ్ మళ్ళీ ఎక్కించాల్సి రావచ్చు. చిన్న డిస్క్‌కి మారేటప్పుడు క్లోన్ కంటే ఆర్‌సింక్ కమాండ్‌తో ఫైళ్ళు కాపీ చేయడమే సుఖం.

యాపిల్ వాళ్ళకి ఎంపికే లేదు. మైగ్రేషన్ అసిస్టెంట్ యూజర్లనీ ఫైళ్ళనీ యాప్‌లనీ తెస్తుంది, సిస్టమ్ మాత్రం కొత్త మ్యాక్‌దే.

ఒకే రకం ఇరవై సిస్టములకి ఒక్క క్లోన్ దింపాలనుకునే ఆఫీసులు సిస్‌ప్రెప్ (మెషీన్ గుర్తింపు చెరిపి కొత్తది పుట్టించే విండోస్ సాధనం) చేయకుండా దింపొద్దు. ఒకే ఎస్ఐడీ (విండోస్ మెషీన్‌కిచ్చే గుర్తింపు సంఖ్య) ఉన్న రెండు మెషీన్లు నెట్‌వర్క్‌లో ఉంటే, 2025 ఆగస్టు చివర నుంచి వచ్చిన విండోస్ 11 అప్‌డేట్ల తర్వాత వాటి మధ్య లాగిన్‌లు విఫలమవుతున్నాయి. ఇది షాపులో ఒక్క మెషీన్ మార్చేవాళ్ళకీ తగులుతుంది: పాతదీ కొత్తదీ ఒకేసారి ఆన్ చేసి షేరింగ్‌లో ఫైళ్ళు లాగుదామంటే కుదరకపోవచ్చు. పాతదానికి నెట్‌వర్క్ కేబుల్ పీకేయండి.

పాత డిస్క్ ఎన్నాళ్ళు దాచాలి

వారం చాలంటారు కొందరు. వారంలో మీరు రోజూ వాడేవి మాత్రమే తెలుస్తాయి. నెలకోసారి, సీజన్‌కోసారి వాడేవి బయటపడేదాకా పాత మెషీన్‌ను ఓ మూల ఉంచాలి.

బామ్మర్ది ఇరవై రోజులు హాయిగా పనిచేసుకున్నాడు. ఓ సాయంత్రం ఫోన్. “బావా, స్టిక్కర్ కటింగ్‌కి పంపితే ప్లాటర్ ఉలకట్లా పలకట్లా. ఎర్రర్ కూడా లేదు.” వెళ్ళి చూశాను. ప్లాటర్ సీరియల్ కేబుల్‌ది, యూఎస్‌బీ కన్వర్టర్ మీద నడుస్తోంది. ఏ పోర్టుకి పంపుతోందో ఆ సాఫ్ట్‌వేర్‌లో ఎక్కడా కనపడలేదు. మూలనున్న పాత మెషీన్‌కి కరెంటు ఇచ్చి, డివైస్ మేనేజర్ తెరిచాను. అందులో కన్వర్టర్ కామ్ 3 అనే సీరియల్ పోర్టు నంబరు మీద ఉంది. కొత్తదాంట్లో అదే కన్వర్టర్ కామ్ 5 అయి కూర్చుంది. పోర్ట్ సెట్టింగ్స్‌లో అడ్వాన్స్‌డ్ నొక్కి, 5ని 3 చేశాను. బ్లేడు కిర్రుమంటూ కదిలింది.